నాన్న చేతిలోని ఓడ

"బావగారూ, మీరు ఒక్క మాట చెబితే చాలు. ఇది మావయ్యగారి పెట్టెలోది, అసలుదే అని. అంతకంటే నేనేమీ అడగడం లేదు."

వచ్చి కూర్చున్నప్పటి నుంచి మరదలిది ఇదే పాట. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. అందులో రుమాలులో చుట్టిన వెండి పతకం ఉంది. మొన్నటిదాకా ఆ ఇంటికి అదే గొప్ప. ఇప్పుడు అదే పరువు తక్కువ.

పళ్ళ మేస్త్రి తల ఎత్తలేదు. వీధిలో అందరూ అతన్ని పిలిచేది అలాగే. పళ్ళు పీకేది డాక్టర్లు, కట్టేది ఇతను. ఇంటి ముందుగదే పనిగది. చేతిలో ఎవరిదో పై వరస కట్టుడుపళ్ళ సెట్టు పట్టుకుని దాని అంచుని ఆకురాయితో రాస్తున్నాడు. ఆ సెట్టు పొద్దున్నే పూర్తయింది. అందులో ఇక రాయడానికేమీ లేదు. ఇలాగే ఇంకాసేపు రాస్తే అది ఎవరి నోటికీ పట్టకుండా పోతుంది.

"వింటున్నారా బావగారూ?"

"వింటున్నానమ్మా."

"మొన్న పతకాల సంఘం ప్రదర్శనలో మీ తమ్ముణ్ణి ఏమన్నారో మీకు తెలీదు. మీరు రాలేదుగా, జ్వరమని."

మేస్త్రికి ఆ రోజు జ్వరం వచ్చిన మాట నిజమే. కాకపోతే ఆ జ్వరం థర్మామీటరుకి దొరికే రకం కాదు.

"నలుగురిలో, బావగారూ! అందరూ పతకాలు బల్లల మీద పరుచుకుని కూర్చున్నారు. ఒకాయన కొలంబస్సువి, ఒకాయన వాస్కోడిగామావి. మెగలాన్ ఓడ పతకం ఆ సంఘం మొత్తంలో ఈయన దగ్గరే ఉందని జనం మూగారు. సంఘం కార్యదర్శి వచ్చాడు. భూతద్దం పెట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. 'ఇది ముద్ర కొట్టింది కాదండీ, పోత పోసింది. ఎవరికి అంటగడదామని తెచ్చారు?' అన్నాడు. ఈయన నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు, పిచ్చి మనిషి."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి భార్య ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

"రేపు సంఘం కమిటీ కూర్చుంటుంది. ఎక్కడిదో రుజువు చూపించకపోతే ఈయన పేరు కొట్టేసి, నకిలీ పతకం తెచ్చినవాడు అని బోర్డు మీద ఫొటోతో సహా పెడతారట. ఆయన హాస్పిటల్లో నర్సు, బావగారూ. రోగుల ఉంగరాలు, గొలుసులు ఆయన చేతికే ఇచ్చి ఆపరేషన్‌కి వెళ్తారు. ఇలాంటి మాట ఒకసారి బయటికి పోతే ఇంక ఎవరిస్తారు? ఆ సంఘంలో మీ మాటంటే మాట. మీరొచ్చి నిలబడితే చాలు."

"వాడు పంపించాడా నిన్ను?"

"ఆయనా? నేనొచ్చానని తెలిస్తే చంపేస్తాడు. మాట్లాడ్డమే మానేశాడు. నిన్న సాయంత్రం మాత్రం ఒక్క మాటన్నాడు. 'నాన్న నన్ను మోసం చేశాడే' అని."

ఆకురాయి జారింది. పై వరసలో ముందు పన్ను అంచు చిట్లింది.

"కాఫీ కలుపుతాను. మీరోసారి ఇలా రండి, పై డబ్బా అందడం లేదు," అంది మేస్త్రి భార్య. ఆ వంటింట్లో ఆమెకి అందని డబ్బా ఏదీ లేదు.

లోపలికి రాగానే ఆమె గొంతు తగ్గించి, "చెప్పేయండి," అంది.

"ఇప్పుడా?"

"ఇంకెప్పుడు? బోర్డు మీద ఫొటో పెట్టాకా?"

"నెమ్మదిగా మాట్లాడు, వింటుంది."

"విననివ్వండి. కనీసం నేను దాచిన పాపమైనా పోతుంది. ఆ వెండి గొలుసు నాదండీ! తెగిపోయి పడుంటే నేనే తీసి మీ చేతిలో పెట్టాను. పెద్దాయన కోసం కదా అని మురిసిపోతూ ఇచ్చాను. వాళ్ళని ఇలా ముంచడానికని తెలిస్తే ఇచ్చేదాన్నా?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. ఆ వంటింట్లో ఆ పని అతను చేయడం కొత్త కాదు. నాన్న పోయిన దగ్గర్నుంచి ఈ సంగతి వచ్చినప్పుడల్లా ఇద్దరి మధ్యా ఇదే వరస.

నిజానికి అందులో ఏ దురుద్దేశమూ లేదు. అదే అతనికి ఇన్నాళ్ళూ అండ.

నాన్న బస్సు కండక్టరు. ఓడ ఎక్కిన పాపాన పోలేదు. అయినా వీధంతా ఆయన్ని కెప్టెన్ అనేది. సముద్రాలు దాటినవాళ్ళ పేరు మీద ముద్రించిన పతకాలంటే ఆయనకి ప్రాణం. డ్యూటీ దిగి వచ్చాక పెట్టె తెరిచి కొడుకులిద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పతకం చూపిస్తూ ఒక్కో ప్రయాణం చెప్పేవాడు. అన్నింట్లోకీ మెగలాన్ ఓడంటే మరీ ఇష్టం. ఐదు ఓడలు బయల్దేరితే భూమిని చుట్టి ఇంటికొచ్చింది ఒక్కటేరా, అనేవాడు, ఆ ఓడని తానే నడుపుకొచ్చినంత ధీమాగా.

పెద్దవాడికి ఆ పిచ్చి అంటుకుంది. చిన్నవాడికి నాన్న అంటుకున్నాడు. తేడా అంతే.

చివరి రోజుల్లో నాన్న చిన్నవాడి ఇంట్లోనే ఉన్నాడు. పెద్దవాడు ఆదివారం ఆదివారం వెళ్ళి చూసొచ్చేవాడు. అలా వెళ్ళినప్పుడు ఒకసారి చూశాడు. నాన్న మెగలాన్ పతకాన్ని పిడికిట్లో పెట్టుకుని, బొటనవేలితో తెరచాపని రుద్దుతూ కూర్చున్నాడు. చెమట చేతులు. తెరచాప మీది గీతలు అప్పటికే మసకబారాయి. పతకాన్ని అంచుల దగ్గర తప్ప ఎక్కడా ముట్టుకోని మనిషి ఈ మేస్త్రి. గుండె తరుక్కుపోయింది. నాన్న గురించి కాదు, పతకం గురించి. ఆ సంగతి అతను అప్పుడు గమనించలేదు.

శుభ్రం చేసి తెస్తానని తీసుకెళ్ళాడు. పళ్ళకి అచ్చు తీసే పేస్టుతోనే దానికీ అచ్చు తీశాడు. మైనం, సున్నపు మూస, కొలిమి, అన్నీ చేతికింద ఉన్నవే. వెండికి భార్య తెగిన గొలుసు కరిగించాడు. పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి ఎవరు పోత పోసినా నకలు వెంట్రుకవాసి చిన్నదవుతుంది. కానీ చిగుళ్ళకి సరిగ్గా అతికేలా కొలతలు చూసుకోవడమే ఇతని బతుకు. కొలత తేడా రాలేదు. భార్య మెత్తటి గుడ్డతో తుడిచి మెరుగు పెట్టింది. తర్వాతి ఆదివారం దాన్ని నాన్న చేతిలో పెట్టాడు. అసలుది బీరువాలో చేరింది. నాన్న రుద్దుకుంటాడు, పతకం అరగదు, ఎవరికీ నష్టం లేదు. ఇంత తెలివైన పని జన్మలో చేయలేదనుకున్నాడు.

నాన్న పోయాక పెట్టె పంచుకునే రోజు వచ్చింది. "మిగతావన్నీ నువ్వే ఉంచుకో అన్నయ్యా. నాన్న చేతిలోది నాకిచ్చెయ్," అన్నాడు తమ్ముడు. పతకాన్ని పిడికిట్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో, ఒరేయ్ అది కాదురా అని ఎలా అంటాడు? రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు. ప్రదర్శనకి పెడుతున్నానని తమ్ముడు ఫోన్ చేసినప్పుడైనా నోరు తెరిచి ఉండాల్సింది. "మనకెందుకురా ప్రదర్శనలు," అని మాత్రం అన్నాడు.

ముందుగదిలో మగగొంతు వినపడింది.

"నిన్నెవరు రమ్మన్నారిక్కడికి? లే. ఇంటికి పద."

తమ్ముడు వచ్చేశాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. గెడ్డం మాసి ఉంది. లోపల్నుంచి వచ్చిన అన్నావదినల్ని చూసి, "కాఫీలూ అవీ ఏం వద్దు వదినా," అన్నాడు.

"కూర్చోరా," అన్నాడు మేస్త్రి.

"కూర్చోడానికి రాలేదు. ఇదేదో అడిగిందా నిన్ను? పట్టించుకోకు. నువ్వు రేపు రావక్కర్లేదు."

"ఎందుకు రావక్కర్లేదు?" మరదలు లేచి నిలబడింది. "అన్నీ బావగారికి వదిలేసి ఇదొక్కటి తెచ్చుకున్నావు. దీనికైనా ఒక మాట సాయం అడక్కూడదా?"

"అడిగి? అన్నయ్య అబద్ధం చెప్పాలా? అది పోనీ. నేనూ ఆ భూతద్దంలోంచి చూశాను. గాలి బుడగల గుంటలున్నాయి. ఓడ కింద అలల్లో, చీమ తల అంత. కళ్ళతో చూశాక ఇంకేముంది?"

తర్వాత అతను అన్నవైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. అలసిపోయిన గొంతు.

"నాన్నే మోసపోయి కొని ఉంటాడు అన్నయ్యా. టికెట్లు చింపే మనిషికి అసలుదేదో నకిలీదేదో ఏం తెలుస్తుంది? లేకపోతే తెలిసే పెట్టుకున్నాడు. అన్నింట్లోకీ గొప్పది నీకిస్తున్నానురా అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. పక్క మార్చినప్పుడల్లా, ఒళ్ళు తుడిచినప్పుడల్లా. నేను సంబరపడిపోయేవాణ్ణి. చిన్నపిల్లాడికి బొమ్మ ఆశ చూపినట్టు చూపించి చేయించుకున్నాడనిపిస్తోంది ఇప్పుడు."

"అలా అనకు."

"ఎందుకనకూడదు? అంత సేవా చేస్తే ఒక సత్తు బిళ్ళ చేతిలో పెట్టి పోయాడు. మనసారా ఒక్కసారి తిట్టుకోనివ్వు."

"సత్తు కాదు," అంది మేస్త్రి భార్య గుమ్మంలోంచి. "వెండే."

తమ్ముడు ఆమె వైపు చూశాడు. అప్పుడు ఆమె భర్త వైపు చూసింది. ఇక తప్పించుకోవడానికి ఆ గదిలో జాగా లేదు.

"నాన్న కాదురా," అన్నాడు మేస్త్రి. "నేను."

"నువ్వేంటి?"

"అది చేసింది నేను. నాన్న రుద్దీ రుద్దీ అరగదీస్తున్నాడని... ఆయన చేతిలో ఉంచుకోడానికి చేశాను. అసలుది నా దగ్గరే ఉంది. భద్రంగా ఉంది."

భద్రంగా ఉంది అన్న మాట ఎందుకన్నాడో అతనికే తెలీదు. అదేదో మంచి కబురైనట్టు. చెప్పాక ఇంక ఆపుకోలేక గబగబా అన్నీ చెప్పేశాడు. శుభ్రం చేస్తానని తీసుకెళ్ళడం, వదిన గొలుసు, పంపకం రోజున నోరు రాకపోవడం. మరదలు చేతిలోని బ్యాగుని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది, దాన్ని ఇక పట్టుకునే ఓపిక లేనట్టు.

తమ్ముడు గోడకి ఆనుకున్నాడు.

"ఆదివారం తెచ్చిచ్చావు కదూ?" అన్నాడు.

"అవును."

"ఆ మర్నాటి నుంచే మొదలైంది."

"ఏంటి?"

"నాన్న రోజూ నన్ను పిలిచేవాడు. పిడికిలి విప్పి చూపించి, 'ఒరేయ్, ఇది నాది కాదురా,' అనేవాడు."

మేస్త్రి బల్ల మీది బ్యాగు వైపు చూశాడు.

"నీదే నాన్నా, అనేవాణ్ణి. కాసేపు ఊరుకునేవాడు. మళ్ళీ, 'కాదురా, దీని ఓడ వేరు,' అనేవాడు. వాసన చూసేవాడు. నాలిక మీద పెట్టుకునేవాడు. నేను లాగేసేవాణ్ణి. మతి పోతోందనుకున్నాను. అవునా కాదా నువ్వే చెప్పు, ఇంకేమనుకోవాలి? మా డాక్టరుకి చెప్పాను. తన వస్తువు తనే గుర్తు పట్టలేకపోతున్నాడు సార్ అని. ఆయన మందు రాశాడు. ఆ మందుకి మనిషి పొద్దంతా మత్తుగా పడుండేవాడు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పాను అన్నయ్యా. నాన్నకి మతిమరుపు వచ్చింది, పతకం తనది కాదంటున్నాడు అని ఫోన్లో చెప్పాను. నువ్వు ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. వయసు కదరా, అన్నాడు. అలా అని ఫోన్ పెట్టేసి పనిలో పడ్డాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని తొక్కిపెట్టి తొక్కిపెట్టి ఇన్నాళ్ళూ బతికాడు. భార్యకి కూడా చెప్పలేదు. ఇప్పుడామె గుమ్మంలోంచి అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"చివరికి అడగడం మానేశాడు," అన్నాడు తమ్ముడు. "నేను చెప్పిందే నమ్మాడు. నీదే నాన్నా, నీదే నాన్నా అని రోజూ అంటే ఏం చేస్తాడు? నేను అబద్ధం చెప్పనని ఆయనకి నమ్మకం. తన చేతి మీద నమ్మకం పోగొట్టుకుని, నా మాట మీద నమ్మకం పెట్టుకుని పోయాడు."

"అరిగిపోతుందని చేశానురా. నాన్న కోసమే..."

"అరిగితే అరగనీ!"

అంత గట్టిగా తమ్ముడు అరవడం ఆ ఇల్లు ఎప్పుడూ వినలేదు. బల్ల మీద ఆరబెట్టిన పళ్ళ సెట్లు కూడా కదిలినట్టనిపించింది మేస్త్రికి.

"అది ఆయనది! బస్సులో నిలబడి నిలబడి కాళ్ళు వాచేలా పనిచేసి కొనుక్కున్నాడు. రుద్దుకుంటాడు, నమిలి మింగుతాడు, ఆయనిష్టం. ఎవరి కోసం దాచావు? చెప్పు. ఎవరొచ్చి చూస్తారని?"

తను చేసిన పనిలో ఎక్కడో ఒక మూల ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు వెతికితే అది కూడా దొరకడం లేదు. అతను లోపలికి వెళ్ళి బీరువా తెరిచాడు. మఖ్‌మల్ గుడ్డలో ఉన్న అసలు పతకాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. తమ్ముడి చేతిలో పెట్టే ధైర్యం చాలలేదు.

"తీసుకోరా. నీది. మొదట్నుంచీ నీదే."

తమ్ముడు దాన్ని చూడనైనా చూడలేదు. బ్యాగులోంచి రుమాలు మూట తీసి, అది విప్పకుండానే దాని పక్కన పెట్టాడు.

"రెండూ నువ్వే ఉంచుకో. నాకు ఒకటి చూస్తే ఆయన అడగడం గుర్తొస్తుంది, ఇంకోటి చూస్తే నేను చెప్పింది గుర్తొస్తుంది."

"తమ్ముడూ, రేపు నేను వస్తాను. కమిటీలో నిలబడి అంతా చెబుతాను. నా పేరు కొట్టేసినా సరే."

"నీ ఇష్టం. చెబితే నీ గుండె బరువు దిగుతుందేమో. నాన్నతో నేనన్న మాటలు ఎవరు దించుతారు?"

అతను బయటికి వెళ్ళిపోయాడు. వీధిలో స్కూటర్ స్టార్టు చేసిన చప్పుడు రాలేదు. నడిచే వెళ్తున్నట్టున్నాడు.

మరదలు కదల్లేదు. వచ్చినప్పటి నుంచి ఏడుస్తున్న మనిషి ఇప్పుడు కళ్ళు తుడుచుకుని ఉంది. మేస్త్రి భార్య ఆమె భుజం మీద చెయ్యి వేయబోతే, "ఉండండక్కా," అని సున్నితంగా తప్పుకుంది. ఖాళీ బ్యాగు భుజానికి తగిలించుకుని బావగారికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"బావగారూ, ఆయన కోపంలో ఏదో అన్నాడు. ఆ పేరు ఆయన ఒక్కడిదే కాదు. నాదీ. మా పిల్లలదీ. రేపు మీరొచ్చి చెప్పాలి."

"చెబుతానమ్మా."

"చెబితే ఆ సంఘంలో మిమ్మల్ని ఉంచరు. పోత పోసి నకిలీలు చేస్తాడని మీ పని మీదకి కూడా రావచ్చు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననకండి."

"అననమ్మా."

"ఇంకో మాట. మీరు చెప్పినంత మాత్రాన ఆయన మీతో మాట్లాడతాడని అనుకోకండి. నాకా ఆశ లేదు. ఈ గడప మళ్ళీ తొక్కడు."

మేస్త్రి తల ఊపాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళింది. ఇంకేమీ అడక్కూడదని అతనికి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"రేపు వాడూ వస్తాడా అక్కడికి?"

మరదలు వెనక్కి తిరిగింది. ఏ బావగారి మాటకి ఇంతసేపూ విలువ కట్టిందో, ఆ బావగారిని కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది.

"వస్తేనే చెబుతారా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఆగింది అతని భార్య. గుమ్మం దగ్గరే నిలబడి, కళ్ళార్పకుండా అతన్నే చూస్తోంది.